సింహపు కథ వ్రాసిన పండితుడు

ఈ నెల ధ్యానమునకు: రోమా 14:1-13, న్యాయాధిపతులు 9:7-15



గడచిన క్రిస్మస్ సెలవులలో మా సంఘమందు ఒక చిన్న కలత పుట్టెను. సండే స్కూలు నడుపు మా టీచరమ్మ పిల్లలకు ఒక ఇంగ్లీషు కథను తెలుగులో చెప్పెను. నలుగురు పిల్లలు బట్టల బీరువాలో దూరి, దాని వెనుకనుండి ఒక మంచు దేశములోనికి వెళ్లుదురు. అక్కడ ఒక మంత్రగత్తె, మాటలాడు జంతువులు, ఒక గొప్ప సింహము. పిల్లలు నోళ్లు తెరచుకొని వినిరి. ఆరాధన ముగిసిన పిమ్మట సంఘ పెద్ద యొకరు నాయొద్దకు వచ్చి, అయ్యగారూ, దేవుని మందిరములో మంత్రగత్తెల కథలేమిటని అడిగిరి. గర్జించు సింహమని పేతురు వ్రాసినది అపవాదిని గూర్చియే గదా యనిరి. యూదా గోత్రపు సింహమని ప్రకటన గ్రంథము ఎవరిని పిలుచుచున్నదో అదియును చూడుడని టీచరమ్మ బదులు చెప్పెను. నేను ఆ పుస్తకమును ఒక పుటయైనను చదువకయే, కలత అణగిన చాలునని, ఆ కథ ఇక వద్దంటిని. ఆమె రెండు ఆదివారములు పాఠము చెప్పుటకు రాలేదు.

వినకమునుపే తీర్పు తీర్చితినని నా మనస్సాక్షి నన్ను గద్దించెను. ఆమె ఇంటికే పోయి పుస్తకము అడిగి తెచ్చుకొని, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని చదివితిని. వ్రాసినవాని జీవితమును కూడ తెలిసికొంటిని. అది మీకును మేలుకరముగా నుండునని ఇక్కడ వ్రాయుచున్నాను.

తల్లిలేని బాలుడు

క్లైవ్ స్టేపుల్స్ లూయిస్ 1898 నవంబరు 29వ తేదీన ఐర్లండులోని బెల్‌ఫాస్టు పట్టణమందు జన్మించెను. తండ్రి ఆల్బర్టు ప్లీడరు. తల్లి ఫ్లోరా గణితమును తర్కమును చదివి పట్టము పొందిన విద్యావతి. ఆమె తండ్రి అదే పట్టణములో సంఘ గురువు. మనుమనికి బాప్తిస్మమిచ్చినవాడు ఆయనయే. బాలునికి వారెన్ అను అన్న యుండెను. ఇతనికంటె మూడేండ్లు పెద్దవాడు. ఇంటినిండ పుస్తకములే. వాన కురియు దినములలో అన్నదమ్ములిద్దరు మేడమీద కూర్చుండి మాటలాడు జంతువుల రాజ్యమొకటి కల్పించుకొని, బొమ్మలు గీసి కథలు వ్రాసికొనెడివారు.

1908వ సంవత్సరములో తల్లికి క్యాన్సర్ వచ్చెను. తల్లి బ్రదుకవలెనని ఆ చిన్నవాడు దేవుని వేడుకొనెను. ఆగస్టు 23వ తేదీన ఆమె చనిపోయెను. అతనికప్పుడు తొమ్మిదేండ్లు. కొద్ది వారములకే అతనిని సముద్రము దాటించి ఇంగ్లండులోని బోర్డింగు స్కూలునకు పంపిరి. అక్కడి హెడ్మాస్టరు పిల్లలను దయలేక కొట్టువాడు. తల్లి ఒడి పోయెను, ఇల్లు పోయెను. తరువాత కొన్నియేండ్లకు విశ్వాసమును పోయెను. పదునైదేండ్లు నిండకమునుపే అతడు దేవుడు లేడనువాడాయెను.

1916వ సంవత్సరములో ఒకనాడు రైలు స్టేషనులోని పుస్తకముల అంగడిలో ఒక పాత పుస్తకము కొనెను. అది స్కాట్లండు దేశపు బోధకుడు జార్జి మెక్‌డోనాల్డు వ్రాసిన కల్పిత కథ. అందులో ఏదో పరిశుద్ధమైనది తన్ను తాకెనని లూయిస్ చాలకాలము తరువాత గ్రహించెను. ప్రసంగము చేరలేని హృదయములోనికి ఒక కథ చేరినదని గమనించుడి.

పందొమ్మిదవ పుట్టినదినమున ఆయన ఫ్రాన్సు దేశములోని యుద్ధరంగము చేరెను. 1918 ఏప్రిలులో షెల్లు ప్రేలి గాయపడెను. సైన్యములో తనతో నుండిన ప్యాడీ మూర్ అను స్నేహితుడు ఆ సంవత్సరమే చంపబడెను. ఇద్దరిలో ఎవరు మిగిలినను చనిపోయినవాని ఇంటివారిని చూడవలెనని వారు ఒప్పందము చేసికొనియుండిరి. లూయిస్ ఆ మాట తప్పలేదు. ఆ స్నేహితుని తల్లిని 1951లో ఆమె మరణించువరకు కాపాడెను.

తిరిగి వచ్చిన కుమారుడు

1925లో ఆయన ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయపు మాడ్లిన్ కళాశాలలో ఆంగ్ల సాహిత్య బోధకుడాయెను. అక్కడ దేవుడు ఆయనను వెంబడించెను. ఆయన సాక్ష్యము ప్రకారము, 1929లో ఇష్టము లేకయే దేవుడు దేవుడేయని ఒప్పుకొని మోకరించెను. కాని క్రీస్తును ఇంకను అంగీకరింపలేదు. 1931 సెప్టెంబరులో ఒక రాత్రి టోల్కీన్, డైసన్ అను ఇద్దరు మిత్రులతో కళాశాల తోటలో నడచుచు చాలా ప్రొద్దుపోవువరకు మాటలాడెను. చచ్చి లేచిన దేవుని గూర్చిన కథలు పూర్వపు జనములలో అనేకములున్నవి. సువార్తయు అట్టి కథయే, అయితే ఇది నిజముగా జరిగినదని వారు ఆయనకు చూపిరి. కొన్ని దినములకు, అన్నగారి మోటారు సైకిలు ప్రక్క తొట్టిలో కూర్చుండి జంతు ప్రదర్శనశాలకు పోవునపుడు, బయలుదేరినప్పుడు నమ్మనివాడు చేరునప్పటికి యేసు దేవుని కుమారుడని నమ్మెను.

బీరువా తలుపు

1939లో యుద్ధము వచ్చినప్పుడు లండను పిల్లలను బాంబులకు దూరముగా పల్లెలకు పంపిరి. కొందరు లూయిస్ గారింటను దిగిరి. ఆయన 1941 మొదలు 1944 వరకు బి.బి.సి. రేడియోలో క్రైస్తవ విశ్వాసమును గూర్చి సామాన్యుల భాషలో ప్రసంగించెను. యుద్ధమైన పిమ్మట చిన్నవారి తట్టు తిరిగెను. మేక కాళ్లుగల ఒక మనుష్యుడు గొడుగు పట్టుకొని, పొట్లములతో, మంచు కురియు అడవిలో నడచుచున్న చిత్రము సుమారు పదునారేండ్ల ప్రాయమునుండి ఆయన మనస్సులో నుండెను. అందులోనుండి కథ పుట్టెను. సింహము తరువాత వచ్చి కథనంతటిని నడిపించెను. 1950 మొదలు 1956 వరకు యేడాదికొకటి చొప్పున ఏడు పుస్తకములు వెలువడెను. ఆ కల్పిత దేశము పేరు నార్నియా. సింహము పేరు అస్లాన్.

మొదటి పుస్తకములో ఎడ్మండు అను బాలుడు మంత్రగత్తె ఇచ్చిన మిఠాయికి ఆశపడి తన అన్నను అక్కచెల్లెండ్రను ద్రోహముగా అప్పగింప జూచును. ద్రోహి ప్రాణము తనదని మంత్రగత్తె అడుగును. సింహము ఆ బాలునికి బదులుగా రాతి బల్లమీద చంపబడి, తెల్లవారునప్పటికి తిరిగి లేచును. ఆ కథలో ఏ సువార్త దాగియున్నదో విశ్వాసికి చెప్పనక్కరలేదు. అయినను, ఇది సువార్తకు వేసిన మారు వేషము కాదనియు, అట్టి లోకమొకటి యుండినయెడల దేవుని కుమారుడు అక్కడ ఏ రూపమున వచ్చునో ఊహించితిననియు లూయిస్ వివరించెను.

పలువురి తీర్పులు

ఈ పుస్తకములను గూర్చి అందరును ఒక్క మాట చెప్పలేదు. మొదటి యెదురు మాట బయటివారిది కాదు. ఆయనను క్రీస్తునొద్దకు నడిపిన టోల్కీనుదే. గ్రీకుల కథలలోని వారిని, క్రిస్మస్ తాతను, మాటలాడు జంతువులను ఒక్కచోట కలిపి వండుట ఆయనకు నచ్చలేదు. లూయిస్ నొచ్చుకొని పగ పట్టలేదు. టోల్కీను గొప్ప కథను వ్రాయుచు విసిగినప్పుడెల్ల ముందుకు తోసినవాడు లూయిస్. 1954లో అది అచ్చుపడినప్పుడు పత్రికలో మెచ్చి వ్రాసినవాడును లూయిసే.

కొందరు క్రైస్తవులు మా సంఘ పెద్దవలెనే మంత్రములు, మంత్రగత్తెలు పిల్లలకు తగవనిరి. 1955లో అమెరికానుండి ఒక తల్లి జాబు వ్రాసెను. తన చిన్న కుమారుడు యేసుకంటె అస్లానును ఎక్కువ ప్రేమించుచున్నానేమోయని భయపడుచున్నాడట. లూయిస్ ఆలస్యము లేక బదులు వ్రాసెను. అస్లానులో ఆ బాలుడు ప్రేమించునదంతయు యేసు నిజముగా చేసినదే గనుక, వాడు యేసునే ప్రేమించుచున్నాడని ధైర్యము చెప్పెను. వానికొక చిన్న ప్రార్థన నేర్పి, తన కొరకును ప్రార్థింపుమని కోరెను. ఇంత పండితుడు ఒక చిన్నవాని ప్రార్థనను అడుగుట చూచి నేను సిగ్గుపడితిని.

కడపటి పుస్తకమునకు ఇంగ్లండు గ్రంథాలయ సంఘమువారి కార్నెగీ పతకము లభించెను. అయితే ఎక్కువ వాదము పుట్టించినదియు అదియే. నలుగురు పిల్లలలో పెద్దమ్మాయి సూసాను అలంకారములలోను విందులలోను పడి నార్నియాను మరచెనని అందులో వ్రాయబడినది. ఇది ఆడపిల్లలకు అన్యాయమని అనేకులు నొచ్చుకొనిరి. సూసాను కథ ఇంకను ముగియలేదనియు, ఆమెయు ఒకనాడు అస్లాను దేశము చేరవచ్చుననియు లూయిస్ ఒక బాలునికి వ్రాసెను. 1998లో, లూయిస్ పుట్టి నూరేండ్లయిన సంవత్సరమున, ఫిలిప్ పుల్‌మన్ అను రచయిత ఈ పుస్తకములను కఠినముగా ఖండించెను. ఇవి స్త్రీలను చులకన చేయుననియు, బ్రదుకుకంటె చావే మేలని పిల్లలకు చూపుననియు ఆయన వాదము.

నా మాటయు చెప్పెదను. కలోర్మెను అను దేశపు జనులు నల్లని ముఖములవారు, తలపాగాలు చుట్టువారు, క్రూరులు అని చదివినప్పుడు తలపాగా చుట్టు రైతుల మధ్య కాపురమున్న నాకు మనస్సు చివుక్కుమనెను. ఇది వ్రాసినవాని లోపమని నేను తలంచుచున్నాను. అతడు తన కాలపు కన్నులతో తూర్పు దేశములను చూచెను. కాని ఆ జనములోని ఒక యౌవనుడు, తన దేవతను నిజాయితీగా సేవించినవాడు, కడపట అస్లానుచేత ఆదరింపబడును. ఈ భాగము మరికొందరు విశ్వాసులకు నచ్చదు. రక్షణ మార్గమును సడలించెనందురు. చూడుడి, ఒక్క పుస్తకము ఒకనికి మిక్కిలి ఇరుకుగాను, మరియొకనికి మిక్కిలి వెడల్పుగాను కనబడెను.

కన్నీటి యేండ్లు

1955లో వచ్చిన ఆరవ పుస్తకములో ఒక బాలుని తల్లి మరణపడకమీద నుండును. వాడు ఆమెకొరకు సింహమును వేడుకొని పైకి చూచునప్పటికి, దాని కన్నులలోను పెద్ద కన్నీటి బొట్లు నిలిచియుండెను. సింహము ఇచ్చిన ఆపిలు పండును తిని ఆ తల్లి బ్రదుకును. ఈ భాగము చదువునపుడు నేను పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిని. 1908లో ఆ తొమ్మిదేండ్ల బాలుడు అడిగి పొందనిది యేదో మనమెరుగుదుము గదా.

ఆయనకు కన్నీరు అంతటితో తీరలేదు. జాయ్ డేవిడ్‌మన్ అను అమెరికా రచయిత్రిని 1956లో ఆయన రిజిస్టరు వివాహము చేసికొనెను. ఆమె యూదుల కుటుంబములో పుట్టి, కమ్యూనిస్టుగా నుండి, క్రీస్తును నమ్మినది. ఆమెకును క్యాన్సరే. 1957లో ఆసుపత్రి మంచము ప్రక్కను గురువు ప్రార్థించి వారికి క్రైస్తవ వివాహము జరిపెను. ఆశ్చర్యముగా ఆమె కొంతకాలము కోలుకొనెను. 1960 జూలైలో కన్నుమూసెను. లూయిస్ తన దుఃఖమును, దేవునితో తాను పడిన పోరాటమును దాచక ఒక చిన్న పుస్తకముగా వ్రాసి, 1961లో వేరొక పేరుతో ప్రకటించెను. ఆమె ఇద్దరు కుమారులను తన యింటనే పెంచెను. పుస్తకముల రాబడిలో చాల భాగము బీదలకును విధవరాండ్రకును పోవునట్లు ముందే ఏర్పాటు చేసియుండెను.

1963 నవంబరు 22వ తేదీన ఆయన తన యింటిలో ప్రభువునందు నిద్రించెను. ఆ దినమే అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ హతుడాయెను గనుక లోకము ఈ మరణమును అంతగా గమనింపలేదు. ఆక్స్‌ఫర్డు దగ్గరి హెడింగ్టను క్వారీలో, తాను ఆరాధించిన గుడి ఆవరణమందే ఆయన సమాధి యున్నది. యేబది సంవత్సరములకు, 2013లో, లండను వెస్ట్‌మినిస్టరు అబ్బేలో కవుల మూలయందు ఆయన పేర ఒక స్మారక శిలను వేసిరి.

మనకు పాఠము

యోతాము గెరిజీము కొండమీద నిలిచి చెట్లు మాటలాడిన కథ చెప్పెను. నాతాను గొఱ్ఱెపిల్ల కథతో రాజు పాపమును బయటపెట్టెను. కనుక కథయైనంత మాత్రమున తప్పు కాదు. అయితే కథ వాక్యమునకు బదులు కాదు. టీచరమ్మయు ఈ మాట ఒప్పుకొనినది. తినువాడు తిననివానిని తృణీకరింపరాదనియు, తిననివాడు తినువానికి తీర్పు తీర్చరాదనియు పౌలు రోమా సంఘమునకు నేర్పెను. పుస్తకముల విషయములోను అది మనకు చాలును.

నేను టీచరమ్మయొద్దకు పోయి, చదువక తీర్పు తీర్చితిని, క్షమింపుమమ్మా యంటిని. ఆమె మరుసటి ఆదివారమే పాఠమునకు వచ్చెను. పెద్దగారికి ఎడ్మండు కథను నేనే కూర్చుండి చెప్పితిని. ఆయన చాలాసేపు మౌనముగా నుండి, మంత్రగత్తె తనకు ఇప్పటికిని నచ్చలేదని చెప్పిరి. ఆయన అభిప్రాయము ఆయనదే. అయినను ఇప్పుడు శనివారము సాయంకాలము టీచరమ్మ వాకిట కథ జరుగుచున్నది. ఆయన మనుమడు ముందు వరుసలో కూర్చుండుచున్నాడు. పంపువారు ఎవరో నేను అడుగలేదు.

ప్రియులారా, మీ పిల్లలు ఏమి చదువుచున్నారో ఎరుగుడి. వద్దనుటకు ముందు మీరును చదువుడి. చదివి, వారి ప్రక్క కూర్చుండి మాటలాడుడి. మనకు బదులుగా చంపబడి తిరిగి లేచినవాడు కథలోని సింహము కాదు, సజీవుడైన ప్రభువే. ఆయన మన పిల్లలను తన చేతిలో కాపాడును గాక. ఆమేన్.