వెస్లీ పద్దు పుస్తకం

1705వ సంవత్సరంలో ఇంగ్లండ్‌లోని లింకన్ కోట జైలులో ఒక పాస్టరుగారు కొన్ని నెలలు బందీగా గడిపాడు. ఆయన దొంగ కాదు, దుర్మార్గుడూ కాదు. ముప్ఫై పౌండ్లలోపు బాకీని అడిగిన వెంటనే కట్టలేకపోవడమే ఆయన నేరం. ఎన్నికల్లో తమకు గిట్టని పక్షాన నిలిచాడన్న కక్షతో అప్పులవాళ్లు ఆయన్ను ఉన్నపళంగా పట్టించారు. ఆ కాలపు చట్టం అందుకు ఒప్పుకుంది. ఆయన పేరు శామ్యూల్ వెస్లీ, ఎప్‌వర్త్ అనే చిన్న ఊళ్లో చర్చి పాస్టరు. ఇంట్లో భార్య సుసన్నా, చిన్నచిన్న పిల్లలు. వారిలో రెండేళ్ల పసివాడి పేరు జాన్. మెథడిస్టు ఉద్యమానికి సారథ్యం వహించి వేలాది మందిని ప్రభువు వైపు తిప్పిన జాన్ వెస్లీ ఆయనే.

వెస్లీ అనగానే 1738 మే 24న లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధిలో ఆయన పొందిన రక్షణానుభవం మనకు గుర్తొస్తుంది. గుర్రం మీద ఊరూరా తిరిగి చేసిన ప్రసంగాలు గుర్తొస్తాయి. కానీ ఆయన దశాబ్దాల పాటు రాసుకున్న జమాఖర్చుల గురించి మన పులిపీఠాల మీద పెద్దగా వినిపించదు. అప్పుల బాధ తెలిసిన ఇంట్లో పుట్టిన బిడ్డ డబ్బును ఎలా లొంగదీసుకున్నాడన్నది, ఈ రోజు కిస్తీల మధ్య నలిగిపోతున్న ప్రతి విశ్వాసి తెలుసుకోవలసిన సంగతి.

శామ్యూల్ వెస్లీకి ఏడాదికి దాదాపు రెండు వందల పౌండ్ల ఆదాయం ఉండేది. ఆ రోజుల్లో అది మరీ తక్కువేమీ కాదు. అయినా ఆయన జీవితమంతా అప్పుల్లోనే గడిచింది. ఎప్‌వర్త్‌కు రాకముందే కొంత అప్పు ఉంది. దాని మీద వడ్డీ పెరిగింది. చర్చి భూముల్లో వ్యవసాయం పెట్టాడు కానీ ఆయనకు సేద్యం చేతకాదు. చర్చి సభల కోసమని లండన్ వెళ్లి నెలల తరబడి అక్కడే ఉండేవాడు, ఆ ఖర్చు వేరు. సుసన్నా పంతొమ్మిది మంది పిల్లల్ని కన్నది, వారిలో పది మందే బతికారు. వీటికి తోడు 1702లో ఇల్లు చాలామట్టుకు తగలబడింది. 1709 ఫిబ్రవరిలో పూర్తిగా కాలి బూడిదైంది. ఐదేళ్ల జాన్‌ను పై అంతస్తు కిటికీలోంచి ఆఖరి నిమిషంలో దించారు. ఈ కష్టాల్లో కొన్ని దేవుడు అనుమతించినవి, కొన్ని లెక్క చూసుకోనందువల్ల వచ్చినవి. అప్పుల పాలైన చాలా కుటుంబాల్లో ఈ రెండూ కలిసే ఉంటాయి. ఏది ఏదో విడదీసి చూసుకునే ధైర్యమే ఉండదు.

ఆ ఇంటిని నిలబెట్టింది సుసన్నా. భర్త జైలులో ఉన్నప్పుడు తన ఉంగరాలను ఆయనకు పంపించింది, అమ్ముకుని అవసరం తీర్చుకోమని. ఆయన వాటిని తిప్పి పంపించాడు. యార్క్ ఆర్చిబిషప్పు ఆమెను ఇంట్లో ఎప్పుడైనా తిండికి లోటు వచ్చిందా అని అడిగితే, లోటు రాలేదు గానీ ఆ తిండిని సంపాదించడానికి ముందు పడే పాటు, తర్వాత దాని బాకీ తీర్చడానికి పడే పాటు కలిసి దాని రుచి లేకుండా చేశాయన్న భావంతో బదులిచ్చింది. అరువు సరుకుతో వండుకున్న ప్రతి ఇల్లాలికీ ఆ మాట అర్థమవుతుంది. అంత ఇబ్బందిలోనూ ఆమె పిల్లలకు రోజుకు ఆరు గంటలు ఇంట్లోనే చదువు చెప్పింది. వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డతో విడిగా కూర్చుని మాట్లాడేది. జాన్‌కు దక్కింది గురువారం. క్రమం అనేది ఆయన ఆ ఇంట్లోనే నేర్చుకున్నాడు.

1735 ఏప్రిల్‌లో శామ్యూల్ చనిపోయాడు. వంద పౌండ్లకు పైగా అప్పు మిగిలింది. అంత్యక్రియలు జరిగిన రోజే కౌలు భూమి యజమానురాలు పదిహేను పౌండ్ల బాకీ కింద ఇంటి పశువులన్నిటినీ పట్టుకుంది. తండ్రిని పాతిపెట్టి వచ్చిన జాన్ ఆ బాకీకి తాను నోటు రాసిచ్చి పశువుల్ని విడిపించవలసి వచ్చింది. తండ్రి ఆస్తి కంటే ముందు తండ్రి అప్పు కొడుకు చేతికొచ్చింది.

జాన్ కూడా ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో అప్పులు చేసినవాడే. 1726లో లింకన్ కాలేజీ ఫెలోగా ఎన్నికయ్యాక ఆయనకు స్థిరమైన రాబడి వచ్చింది. ఆ రోజుల్లో ఒక చలికాలంలో ఆయన సహాయం అందుకుంటున్న ఒక పేదపిల్ల పల్చటి గుడ్డతో వణుకుతూ గదికి వచ్చింది. జేబు తడుముకుంటే ఇవ్వడానికి దాదాపు ఏమీ మిగల్లేదు. గోడల మీద మాత్రం డబ్బు పోసి కొన్న పటాలు వేలాడుతున్నాయి. ఆ పటాలు ఆ క్షణంలో ఆయన మీద సాక్ష్యం చెప్పాయి. ఆ పిల్లకు చలి ఆపగలిగిన డబ్బు గోడకు అలంకారమైంది.

1787 నాటి ఒక ప్రసంగంలో ఆయన ఒక ఆక్స్‌ఫర్డ్ యువకుడి లెక్క చెప్పాడు. పేరు చెప్పలేదు గానీ అది ఆయన కథేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. మొదటి ఏడాది రాబడి 30 పౌండ్లు. 28 పౌండ్లతో బతికి, 2 పౌండ్లు పేదలకిచ్చాడు. రెండో ఏడాది రాబడి 60కి పెరిగింది. ఖర్చు అదే 28, ఇచ్చింది 32. మూడో ఏడాది 90 వస్తే 62 ఇచ్చాడు. నాలుగో ఏడాది 120 వస్తే 92 ఇచ్చాడు. ఖర్చు గీత మాత్రం 28 దగ్గరే ఆగింది.

మన ఇళ్లలో జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. జీతం వెయ్యి రూపాయలు పెరిగితే ఖర్చు రెండు వేలు పెరుగుతుంది. జీతం పెరిగిన నెలలోనే కొత్త కిస్తీ మొదలవుతుంది. వెస్లీ తన ఖర్చును జీతాన్ని బట్టి కాక అవసరాన్ని బట్టి నిర్ణయించుకున్నాడు. ఇంటి బడ్జెట్ అంటే ఇంతకు మించిన రహస్యం ఏమీ లేదు.

ఆ గీత నిలవడానికి ఆయన చిన్న చిన్న సంగతులు కూడా చూసుకున్నాడు. మంగలి ఖర్చు మిగులుతుందని జుట్టు పొడవుగా పెంచుకున్నాడు. బండి కిరాయి మిగుల్చుకుని పేదలకివ్వడానికి తమ్ముడు చార్లెస్‌తో కలిసి ఆక్స్‌ఫర్డ్ నుంచి ఎప్‌వర్త్‌కు కాలినడకన వెళ్లాడు. 1746లో టీ మానేశాడు. అప్పట్లో టీ ఖరీదైన వస్తువు. పేద విశ్వాసుల ఇళ్లలో దానికయ్యే ఖర్చు ఎంతో లెక్క వేసి చూసి, మానమని చెప్పేముందు తాను మానాడు. మొదటి రోజుల్లో తలనొప్పి వేధించినా పన్నెండేళ్ల పాటు ముట్టలేదు. తర్వాత వైద్యుని సలహా మీద మళ్లీ తాగాడు. టీలో పాపం ఉందని కాదు. అలవాటు మన జేబును ఏలుతోందా, మనం అలవాటును ఏలుతున్నామా అన్నదే ఆయన చూసుకున్న పరీక్ష.

మెథడిస్టుల క్లాసు కూడికలు ఒక అప్పు వల్లనే పుట్టాయన్న సంగతి చాలామందికి తెలియదు. బ్రిస్టల్‌లో కట్టిన ప్రార్థనాస్థలం మీద బాకీ మిగిలింది. 1742 ఫిబ్రవరిలో దాన్ని తీర్చే మార్గం వెదుకుతుంటే ఫాయ్ అనే ఓడ కెప్టెన్ ఒక ఉపాయం చెప్పాడు. బాకీ తీరేదాకా ప్రతి సభ్యుడూ వారానికి ఒక పెన్నీ ఇవ్వాలి. కొందరు అదీ ఇవ్వలేరని ఎవరో అన్నారు. అయితే అందరికంటే పేదవాళ్లు పదకొండు మందిని నా కింద పెట్టండి, వాళ్లు ఇవ్వలేనిది నేను కడతానని ఫాయ్ ముందుకొచ్చాడు. 240 పెన్నీలైతే ఒక పౌండు. అంత చిన్న నాణెంతో పెద్ద బాకీ తీర్చడానికి పూనుకున్నారు. పెన్నీ వసూలుకు ఇంటింటికీ వెళ్లిన నాయకులకు ఆ ఇళ్లలోని కన్నీళ్లు, పోట్లాటలు, తాగుడు కంటపడ్డాయి. అక్కడి నుంచి వారంవారం ఆత్మీయ పరామర్శ మొదలైంది.

1743లో వెస్లీ తన సంఘాలకిచ్చిన సాధారణ నియమాల్లో, తీర్చగలిగే అవకాశం లేకుండా అప్పు చేయడం, డబ్బు కట్టగలమన్న నమ్మకం లేకుండా సరుకు తెచ్చుకోవడం విశ్వాసికి తగదని రాశాడు. తాగుడు, తగవులు నిషేధించిన జాబితాలోనే ఇదీ ఉంది. అంటే అప్పు ఆయన దృష్టిలో ఆత్మీయ విషయమే.

అయితే అప్పు చేయవద్దని చెప్పి చేతులు దులుపుకోలేదు. వడ్డీ వ్యాపారుల బారినుంచి పేదల్ని తప్పించడానికి 1746లో లండన్‌లో ఒక నిధి పెట్టాడు. ముప్ఫై పౌండ్ల పదహారు షిల్లింగులు పోగైంది. ఒక్కొక్కరికి ఇరవై షిల్లింగుల వరకు ఇస్తారు. వారంవారం కడుతూ మూడు నెలల్లో తీర్చాలి. ఏడాదిన్నరలో ఆ కొద్ది సొమ్మే చేతులు మారుతూ 255 మందికి ఆసరా అయింది. తర్వాతి కాలంలో ఆ నిధి నుంచి ఐదు పౌండ్లు అందుకున్న జేమ్స్ లాకింగ్టన్ అనే చెప్పులు కుట్టే వ్యక్తి లండన్‌లోనే పేరుమోసిన పుస్తకాల వ్యాపారి అయ్యాడు. అరువు ఇవ్వకుండా, రొక్కానికే తక్కువ లాభంతో అమ్మడం ఆయన వ్యాపార సూత్రం.

డబ్బు వినియోగం మీద వెస్లీ చేసిన ప్రసంగం 1760లో అచ్చయింది. న్యాయంగా ఎంత సంపాదించగలిగితే అంత సంపాదించడం, ఎంత పొదుపు చేయగలిగితే అంత చేయడం, ఎంత ఇవ్వగలిగితే అంత ఇవ్వడం అన్నవి అందులోని మూడు మెట్లు. ఆరోగ్యాన్ని, ఆత్మను, పొరుగువాణ్ని చెరిపే సంపాదన తగదన్నాడు. ఖర్చుకు ముందు విశ్వాసి తనను తాను ప్రశ్నించుకోవాలన్నాడు. ఈ డబ్బుకు నేను యజమానినా, గృహనిర్వాహకుణ్నా? ఈ ఖర్చు దేవుని వాక్యానికి లోబడి చేస్తున్నదేనా? దీన్ని క్రీస్తు ద్వారా దేవునికి అర్పణగా అర్పించగలనా? పునరుత్థాన దినాన దీనికి ప్రతిఫలం ఆశించగలనా? మరో ప్రసంగంలో వరుస కూడా చెప్పాడు. ముందు ఎవరికీ బాకీ లేకుండా తీర్చాలి. ఆ తర్వాత తనకు, తన ఇంటివారికి కావలసినవి. రోమా 13:8, 1 తిమోతి 5:8 వచనాలే ఆ వరుసకు ఆధారం.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. వెస్లీకి సొంత పిల్లలు లేరు. ఫీజులు, పెళ్లిళ్ల ఖర్చులు లేవు. 1751లో ఆయన పెళ్లాడిన వితంతువు ధనవంతురాలు. ఆమె ఆస్తి ఆమెకు, ఆమె పిల్లలకే చెందేలా చేశాడు గానీ ఆ కాపురం సుఖంగా సాగలేదు. కాబట్టి ఆయన 28 పౌండ్ల లెక్కను పదిమంది పిల్లల్ని పెంచిన సుసన్నా కష్టంతో కలిపి చదవాలి. అంకె అందరికీ ఒకటి కాదు, గీత గీసుకోవడం మాత్రం అందరికీ అవసరమే.

1776లో పన్ను అధికారులు ఇంట్లోని వెండి సామాను వివరం అడిగితే, లండన్‌లో రెండు, బ్రిస్టల్‌లో రెండు వెండి టీ చెంచాలున్నాయని, చుట్టూ జనం రొట్టెకు అలమటిస్తుంటే ఇక కొనబోనని జవాబు రాశాడు. అప్పటికే పుస్తకాల మీద ఆయనకు వేల పౌండ్లు వచ్చాయి. అవన్నీ దాటిపోయాయి. 1790 జూలైలో చూపు మందగించి, చేయి వణుకుతుండగా పద్దు పుస్తకంలో చివరి మాట రాసి లెక్కలు ముగించాడు. మిగల్చగలిగినంత మిగిల్చాను, ఇవ్వగలిగినంత ఇచ్చాను అన్న తృప్తి అందులో కనిపిస్తుంది. 1791 మార్చి 2న కన్నుమూశాడు. శవవాహనం వద్దని, తన పెట్టె మోసే ఆరుగురు పేదలకు తలా ఒక పౌండు ఇవ్వమని వీలునామాలో రాశాడు.

ఆ వెస్లియన్ మిషనే తర్వాత మన తెలంగాణకు వచ్చింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ మహాదేవాలయం వారి సేవకు గుర్తు. ఆ ఆలయాన్ని చూసి మురిసిపోయే మనం, ఆ పద్దు పుస్తకాన్ని కూడా వారసత్వంగా అందుకోవాలి.

ఎలీషా దగ్గరకు వచ్చిన విధవరాలిని గుర్తు చేసుకుందాం (2 రాజులు 4:1-7). అప్పులవాడు పిల్లల్ని పట్టుకుపోవడానికి వచ్చాడు. ఆమె ఇంట్లో ఏముందో చెప్పింది. దేవుడు నూనెను సమృద్ధిగా ఇచ్చాక ప్రవక్త చెప్పిన వరుస ఏమిటి? మొదట అప్పు, తర్వాత బతుకు. అద్భుతం జరిగిన ఇంట్లో కూడా బాకీయే ముందు తీరింది.

ఈ వారం కుటుంబ ప్రార్థన అయ్యాక భార్యాభర్తలు ఒక నోటుపుస్తకం తెరవండి. చేబదుళ్లు, బంగారం మీద తెచ్చినవి, చీటీ బాకీలు, ఫోనులో తీసుకున్న అప్పులు ఏవీ దాచకుండా రాయండి. అధిక వడ్డీ ఉన్నదాన్ని ముందు పెట్టండి. పొరుగువారి పెళ్లిని చూసి మీ పెళ్లి ఖర్చు నిర్ణయించకండి. మీ 28 ఎంతో దేవుని సన్నిధిలో తేల్చుకుని దాని కింద గీత గీయండి. సంఘ పెద్దలు కూడా ఫాయ్‌లా నలుగురు పేదల భారం పంచుకుంటే, అప్పు సిగ్గుతో ఆరాధన మానేసిన కుటుంబాలు తిరిగి వస్తాయి. లింకన్ జైలులో ఒక తండ్రి పడిన బాధ కొడుకు చేతిలో వందల ఇళ్లకు ఊరట అయింది. మన పిల్లలకు నోటు కాగితాలు కాక పద్దు పుస్తకం అందించే కృప ప్రభువు మనకు దయచేయును గాక.