బాదనకుర్తి బావరి

దేవుడున్నాడా లేడా అని హాస్టల్ గదుల్లో తెల్లవార్లూ వాదులాడుకునే మిత్రులకు, ఆ వాదన మన గోదావరి ఒడ్డుకు కొత్త కాదని చెప్పాలనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

క్రీస్తుకు పూర్వం 6వ శతాబ్దం నాటి మాట. బావరి కోసల దేశపు బ్రాహ్మణుడు, వేదపారంగతుడు. సర్వం వదులుకోవాలని దక్షిణాపథానికి వచ్చి, అస్సక రాజ్యంలో గోదావరి తీరాన ఆశ్రమం కట్టుకున్నాడు. ఏరుకున్న గింజలు, పండ్లే ఆయన ఆహారం. ఆ చోటు ఖానాపూర్ దగ్గరి బాదనకుర్తి అని చరిత్రకారులు కొందరు గుర్తించారు. నిన్నమొన్నటిదాకా అది ఆదిలాబాదు జిల్లా, 2016 నుంచి నిర్మల్ జిల్లా.

బావరి మహాయజ్ఞం చేసి ఉన్నదంతా దానమిచ్చేశాడు. ఆ తర్వాత కాళ్ళు పగిలి, తలంతా దుమ్ము కొట్టుకున్న ఒక బ్రాహ్మణుడు వచ్చి అయిదు వందలు అడిగాడు. లేవంటే, ఏడోనాటికి బావరి తల ఏడు ముక్కలవుతుందని శపించాడు. వేదాలన్నీ నేర్చిన ముసలాయన తిండి మానేసి కుమిలిపోయాడు. బాణామతి పేరు వింటేనే వణికే పల్లెల నుంచి వచ్చిన మనకు ఆ భయం ఎట్లాంటిదో వేరే చెప్పాలా?

ఆ కాలంలోనే అజిత కేశకంబలి అనే భౌతికవాది ఉన్నాడు. మనిషి నాలుగు భూతాల ముద్ద, చచ్చాక మట్టి మట్టిలో, నీరు నీటిలో కలుస్తాయి, యజ్ఞానికి ఫలం లేదు, పరలోకం లేదు అన్నాడు. ఆయన్ని అడిగితే శాపం ఒట్టి నోటిమాటని నవ్వేవాడేమో. పురోహితుణ్ణి అడిగితే ఇంకో యజ్ఞం చేయమనేవాడు. బావరి మాత్రం అడిగి తెలుసుకునే దారి పట్టాడు. శపించినవాడు డబ్బాశగల మోసగాడనీ, సంగతి తెలిసినవాడు బుద్ధుడనీ ఒక దేవత చెప్పిందట. భయం పోగొట్టడానికీ దేవతే రావలసి వచ్చింది చూడండి!

తనకు 120 ఏళ్ళు. అందుకని 16 మంది శిష్యులను పంపాడు. ప్రతిష్ఠానం, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, శ్రావస్తి, వైశాలి మీదుగా వాళ్ళు మగధ చేరారు. ఏడు రోజుల్లో అయ్యే ప్రయాణమా అది? గడువు దాటింది, తల పగల్లేదు. నన్నడిగితే శాపానికి జవాబు దారిలోనే దొరికింది.

బుద్ధుడు చెప్పింది వేరు. అవిద్యే ఆ తల, శ్రద్ధ, స్మృతి, సమాధి తోడైన విద్యే దాన్ని పగలగొట్టేది. ఋషులూ రాజులూ దేవతలకు యజ్ఞాలు ఎందుకు చేశారని పుణ్ణకుడు అడిగితే, ఏదో ఒకటి కోరుకునే చేశారనీ, అయినా పుట్టుకనూ ముసలితనాన్నీ దాటలేదనీ అన్నాడు. దేవతలు లేరనలేదు, వాళ్ళతో పని లేదన్నట్టు పక్కన పెట్టాడు. అట్లాగని కేశకంబలిలా కర్మఫలాన్నీ కొట్టిపారేయలేదు. అందుకే మన హాస్టల్లో రెండు పక్షాలవాళ్ళూ ఆయన్ని తమవాడే అంటారు.

ఇదంతా సుత్తనిపాతంలోని పారాయణవర్గం కథ. శాపం భాగం తర్వాతి కాలంలో చేర్చిందని పండితుల మాట. చివర్లో పింగియుడనే ముసలి శిష్యుడు బావరి దగ్గర ఆ గురువును పొగుడుతాడు. అంతటివాణ్ణి క్షణమైనా విడిచి ఎట్లా ఉండగలుగుతున్నావని అడిగితే, ఒంట్లో సత్తువ లేక దేహం పోలేకపోతున్నది గానీ మనసు అక్కడే ఉందని జవాబిస్తాడు.