ఎలుకల పంక్తి - మెకారిసన్ జీవితము

రాబర్ట్ మెకారిసన్ 1878 మార్చి 15న ఐర్లండులోని పోర్టడౌన్ పట్టణమున జన్మించెను. బెల్‌ఫాస్టులో వైద్యవిద్య ముగించి, 1901లో ఇండియన్ మెడికల్ సర్వీసు ఉద్యోగిగా మన దేశమునకు వచ్చెను. గిల్గిట్ సీమలో గళగండవ్యాధికి మూలము వెదకుచు, అచ్చటి నీటి మడ్డిని తానును త్రాగి చూచిన సాహసి యాతడు.

1918లో కూనూరు పాశ్చర్ సంస్థయందలి ఒక్క గదిలో బెరిబెరిపై పరిశోధన మొదలిడెను. తెల్లగా మరపట్టిన బియ్యము మాత్రమే మేతగా బెట్టిన పావురములకు త్వరలోనే ఆకలి నశించెను. మేత యెదుటనున్నను ముట్టవయ్యెను. జీవసత్త్వము లోపించినదనుటకు ఆకలి చచ్చుటయే మొదటి హెచ్చరిక యని ఆయన గ్రహించెను. అంతకంటె వింత యొకటి కలదు. తక్కిన అవయవములు పెక్కు కృశించుచుండగా, మూత్రపిండములపైనుండు అధివృక్కగ్రంథులు మాత్రము పెరిగినవి. ఆపదవేళ దేహమును మేల్కొలుపు రసములను స్రవించునవి ఆ గ్రంథులే. నియమితవేళకు మేత బెట్టినచో, ఎలుకల రక్తమున ఆ గ్రంథిస్రావమొకటి ఆ వేళకు ముందే హెచ్చునని తరువాతి శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అనగా పళ్లెము రాకముందే దేహము దానికై ఎదురుచూచును. ఆ యెదురుచూపునే తిండిలోపము చెరచునని పావురములు ముందే తెలిపినవి గాబోలు!

1923లో పొదుపు పేరిట ప్రభుత్వము ఈ పరిశోధనను నిలిపివేసెను. రెండేండ్లకు గాని అది మరల సాగలేదు.

పిదప ఎలుకలకు నానాప్రాంతముల భోజనములు వడ్డించెను. రొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరగాయలు గల సిక్కుల తిండి తిన్నవి అగ్రస్థానమున నిలిచినవి. మద్రాసు తిండి తిన్నవి అట్టడుగున మిగిలినవి. ఇంగ్లండు పేదల తెల్లరొట్టె, మార్గరీను, తీపి తేనీరు, డబ్బామాంసము మరిగినవి పెంచువారిని కరచి, అరువదవనాటికి తమలో బలహీనములను చంపి తినసాగినవి. తిండి స్వభావమునుగూడ మార్చునన్న మాట!

మద్రాసు రాజధాని యంతటికి ఒక్క తిండిని అంటగట్టుట మాత్రము సరిగాదు. నాడు అందులోనిదే యైన చిత్తూరు జిల్లా పల్లెలలో రాగిసంకటియే ముఖ్యాహారము; తెల్లబియ్యపు టన్నము పండుగనాటి మాట. సున్నము సమృద్ధిగా గల రాగిని తక్కువ తిండి యని ఈసడించి, మరబియ్యమునే గొప్పయని యెంచినది మనవారే.

1933లో ఆయనకు సర్ బిరుదు లభించెను. 1935లో ఉద్యోగము విరమించి ఆక్స్‌ఫర్డు చేరి, 1960 మే 18న కన్నుమూసెను. కూనూరు గదినుండి పెరిగిన ఆ ప్రయోగశాల అంతకు రెండేండ్లముందే, 1958లో, హైదరాబాదునకు తరలివచ్చెను. 1969నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేర వ్యవహరింపబడుచున్నది.