చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి: మాటలతో పందెం

మీరు సుక్మాలోనో, కోంటాలోనో కూర్చుని ఈ పాఠం చదువుతూ ఉండవచ్చు. మీ పక్కనుంచి పారే శబరి నదిని ఒకసారి తలచుకోండి. అది కోంటా దాటి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ నీరు పాపికొండల నడుమనుంచి సాగి, రాజమండ్రి దాటి, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలువల్లోకి మళ్లుతుంది. అక్కడికి దగ్గరలోనే కడియం ఉంది. ఇప్పుడు పూలమొక్కల తోటలకు పేరుపొందిన ఆ ఊరిలో 1870 ఆగస్టు 8న చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి జన్మించారు. మాటలతో, లెక్కతో ఆడే ఒక గొప్ప ఆటకు ఆయన జీవితమంతా అంకితమయ్యారు. ఆ ఆట పేరు అవధానం.

ఒక తప్పు నేర్పిన పాఠం

వేంకటశాస్త్రి చిన్నతనంలో కొంతకాలం యానాంలో చదువుకున్నారు. చిన్న వయసులోనే ఒక శతకం రాశారు. అందులో వ్యాకరణ దోషం ఉందని పండితులు ఎత్తిచూపారు. ఆయన సిగ్గుపడ్డారు. కాని రాయడం మానలేదు. తనకు రానిది నేర్చుకోవాలని పట్టుబట్టారు. చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి దగ్గర వ్యాకరణం చదివారు. కాశీకి కూడా వెళ్లి చదువుకున్నారు.

బ్రహ్మయ్యశాస్త్రిగారి దగ్గరే ఆయనకు ఒక స్నేహితుడు దొరికాడు. ఆయనే దివాకర్ల తిరుపతిశాస్త్రి. భీమవరం ప్రాంతంలోని యండగండిలో 1872లో పుట్టారు. ఒకే గురువు దగ్గర చదివిన ఈ ఇద్దరూ తిరుపతి వేంకట కవులు అనే జంటపేరుతో ప్రసిద్ధులయ్యారు.

అవధానం ఎలా ఆడతారు?

అష్టావధానంలో ఎనిమిదిమంది ప్రశ్నలు వేస్తారు. వారిని పృచ్ఛకులు అంటారు. ఒకరు చిక్కుగా ఉన్న ఒక పాదం ఇచ్చి పద్యం పూర్తి చేయమంటారు. ఇంకొకరు నాలుగు మాటలిచ్చి వాటితో పద్యం చెప్పమంటారు. మరొకరు అక్షరం అక్షరానికీ అడ్డుపడి, ఫలానా అక్షరం వాడకూడదంటారు. వేరొకరు మధ్యమధ్య గంట కొడతారు. ఎన్నిసార్లు కొట్టారో చివర చెప్పాలి. అన్నిటికీ మించి, పనిగట్టుకొని వేరే కబుర్లు చెప్పి ధ్యాస చెదరగొట్టే మనిషి ఒకరుంటారు. అవధాని దగ్గర కాగితం ఉండదు, కలం ఉండదు.

శతావధానంలో పృచ్ఛకులు వందమంది. అవధాని మొదటి వరుసలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చెబుతాడు. ఇలా నాలుగు వరుసలు నడుస్తాయి. వంద పద్యాలు, నాలుగువందల పాదాలు! చివరకు అన్నిటినీ వరుసగా అప్పజెప్పాలి. దీన్ని ధారణ అంటారు. మొదటి మనిషికి చెప్పిన పాదం రెండో వరుస వచ్చేదాకా మనసులో చెక్కుచెదరకుండా నిలవాలి. ఈ ఆటలో అసలు కష్టం ఇదే.

మీసాల పందెం

జంటకవులు కాకినాడ మొదలుకొని ఊరూరా అవధానాలు చేశారు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, వేంకటగిరి వంటి సంస్థానాలకు వెళ్లారు. ఆ రోజుల్లో పండితులు మీసాలు పెంచడం వింతగా ఉండేది. వీరు మాత్రం తాము కవులమని చాటడానికే మీసాలు పెంచారు. ఎవరైనా తమను గెలిస్తే వాటిని తీసేసి మొక్కుతామని సవాలు విసిరారు.

పందెం అన్న తరువాత పోటీదారులూ ఉంటారు. కొప్పరపు సోదర కవులతో వీరికి గట్టి పోటీ నడిచింది. అభిమానులు రెండు పక్షాలుగా చీలారు. ఎదుటివారి పద్యాల్లో తప్పులు వెతికే రచనలు వెలువడ్డాయి. ఆటమీద ప్రేమ ఒక్కొక్కప్పుడు పగ దాకా పోతుందని ఈ వివాదాలు చూస్తే మీకు అర్థమవుతుంది. అయితే ఆ పోటీవల్లనే అవధానం పండితుల సభ దాటి నలుగురి నోళ్లలో పడింది.

ఈ కవుల పాండవోద్యోగ విజయాలు నాటకాలు మరింత దూరం వెళ్లాయి. చదువురానివారు కూడా ఆ పద్యాలను విని నేర్చుకొని పాడుకున్నారు.

ఒంటరైనా జంటపేరే

1920లో తిరుపతిశాస్త్రి మరణించారు. అప్పటికి వేంకటశాస్త్రికి యాభై ఏళ్లు. పాదానికి పాదం అందించే తోడు పోయింది. ఆ తరువాత ఆయన మరో ముప్పై ఏళ్లు బతికారు. తాను ఒక్కడే రాసినవాటిని కూడా జంటపేరుతోనే ప్రకటించారు. గెలుపులో ఇద్దరికీ సమాన భాగం ఉండాలన్నది ఆయన నియమం.

వేంకటశాస్త్రి బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేశారు. తెలుగులో మొదటి జ్ఞానపీఠ పురస్కారం పొందిన విశ్వనాథ సత్యనారాయణ ఆయన శిష్యులే. తమ అవధానాల ముచ్చట్లను, వివాదాలను వేంకటశాస్త్రి వ్యాసాలుగా రాశారు. అవి 'కథలు–గాథలు' పేరుతో పుస్తకాలుగా వచ్చాయి. మద్రాసు ప్రభుత్వం ఆయనను ఆస్థానకవిగా గౌరవించింది. 1950 ఫిబ్రవరిలో, శివరాత్రినాడు ఆయన కన్నుమూశారు.

చదువు మధ్యలో ఆగిపోయిందని మీరు బాధపడుతున్నారా? తప్పు బయటపడితే నలుగురూ నవ్వుతారని జంకుతున్నారా? వేంకటశాస్త్రి తప్పు కూడా నలుగురిలోనే బయటపడింది. దాన్ని దిద్దుకోవడానికే ఆయన గురువును వెతుక్కుంటూ వెళ్లారు.

మీరూ ఆడి చూడండి

1. ఈ అక్షరాలను రాసుకోకుండా, ఒక్కసారే వినండి. పక్కవారిని చదవమనండి: నాలుగోది 'న', ఒకటోది 'అ', ఐదోది 'ము', మూడోది 'ధా', రెండోది 'వ'. ఏ మాట వచ్చింది? అవధానంలో ఇలాంటి అంశాన్ని వ్యస్తాక్షరి అంటారు.

2. పక్కవారు మరో మాటను ఇలాగే తారుమారు చేసి చెబుతుండగా, ఇంకొకరు మధ్యమధ్య చప్పట్లు కొట్టాలి. మాటతోపాటు చప్పట్ల లెక్కా చెప్పండి.

3. స్నేహితుడు పోయాక కూడా వేంకటశాస్త్రి జంటపేరును ఎందుకు వదల్లేదు? మీ సొంతమాటల్లో ఐదు వాక్యాలు రాయండి.