ఆయ్దక్కి మారయ్య శరణులు

బసవేశ్వరుని కాలమున కళ్యాణ నగరమునకు నానా దేశములనుండి శరణులు వచ్చి చేరిరి. వారిలో రాజ్యము విడిచి వచ్చినవారు కలరు, పండితులు కలరు. బట్టలుతికినవారు, పడవ నడపినవారు, తాళ్లు పేనినవారును కలరు. వీరందరిలో మిక్కిలి చిన్న పని చేసిన వాడెవడని యెవరైన నన్నడిగినచో ఆయ్దక్కి మారయ్య యని చెప్పుదును. నేలపై రాలిన బియ్యపు గింజలను ఏరుకొనుట ఆయన కాయకము. కన్నడమున ‘ఆయ్ద’ యనగా ఏరిన, ‘అక్కి’ యనగా బియ్యము. చేసిన పనియే ఆయనకు పేరైనది.

మారయ్య స్వస్థలము నేటి కర్ణాటకమునందలి రాయచూరు జిల్లా, లింగసుగూరు తాలూకాకు చెందిన అమరేశ్వరము. 1956 వరకు ఆ జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిదే. మన గద్వాల నడిగడ్డవారికి అది పొరుగు సీమ. ఆయన ధర్మపత్ని లక్కమ్మ. బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున భండారిగా నుండి, తన మహామనెలో నిత్యము జంగమ దాసోహము నడపుచున్నాడన్న కీర్తి విని, 12వ శతాబ్ది మధ్యకాలమున ఈ దంపతులు కళ్యాణమునకు వచ్చి కాపురముండిరి. వారి చరిత్ర వారి వచనములనుండియు, 15వ శతాబ్దిలో కూర్చబడిన శూన్యసంపాదన గ్రంథమునుండియు మనకు తెలియవచ్చుచున్నది.

మహామనెకు నిత్యము బియ్యము వచ్చుచుండెను. తెచ్చుచోట, కొలుచుచోట, చెరుగుచోట గింజలు రాలుట సహజము. మారయ్య ప్రతిదినము ఆ ముంగిటికి పోయి, రాలిన గింజలను ఏరి యింటికి తెచ్చును. లక్కమ్మ వాటిని వండి, ముందుగా జంగములకు అర్పించి, పిదప ఇరువురును ప్రసాదముగా స్వీకరింతురు. ఏనాటిది ఆనాటికే. మరునాటికి దాచుట లేదు. ఒక్కొక్క గింజకు ఒక్కొక్కసారి వంగవలెను. లింగమునకు తల వంచుటకును, గింజకై నడుము వంచుటకును భేదము ఆయనకు తోచలేదు కాబోలు.

కాయకమే కైలాసమన్న ప్రసిద్ధమైన భావము ఈ మారయ్యదే. దీనిని బసవేశ్వరునికి ఆరోపించువారు మనలో పెక్కుమంది కలరు. అందుచేత ఈ సంగతి చెప్పక తప్పదు. పనిలో నిమగ్నుడైయున్నవాడు గురువు వచ్చినను, పూజావేళ యైనను, జంగముడు వాకిట నిలిచినను పని విడువ నక్కరలేదని ఆయన తెగించి చెప్పెను. లింగము సైతము కాయకమునకు లోబడినదేయని ఆయన నిశ్చయము. ఈ మాటను అడ్డము పెట్టుకొని ఇష్టలింగ పూజకే సెలవిచ్చుకొన్నవారిని నేనెరుగుదును. వారు మారయ్యను సగమే చదివిరి. ఆయన చెప్పిన కాయకము జీతము కొరకు చేయు చాకిరి కాదు. దాని ఫలమును దాసోహమున సమర్పింపవలెను. మనస్సు శుద్ధముగా నుండవలెను. ఆ రెండును లేనిచో గింజలేరుట గింజలేరుటయే.

ఇట్టి మారయ్యయు ఒకనాడు తన పని మరచెను. సోమరితనము వలన కాదు, భోగము వలన కాదు. అనుభవ మంటపమున అల్లమప్రభువుతో తత్త్వప్రసంగము సాగుచుండెను. కాయకము గొప్పదా, దానిని దాటిన జ్ఞానము కలదా యన్నది విచారణ. ప్రభుదేవుని మాటలలో మునిగిన మారయ్యకు ప్రొద్దెక్కుట తెలియలేదు. ఇంటివద్ద పొయ్యి చల్లగా నున్నది. లక్కమ్మ చూచి చూచి తానే బయలుదేరి వచ్చి, కాయకము నిలిచిపోయినది, లేచి పొమ్మని భర్తను హెచ్చరించెను. మారయ్య మారుమాటాడక లేచెను.

ఈ ఘట్టము చదివినపుడెల్ల నాకు నా సంగతి జ్ఞప్తికి వచ్చును. ఉద్యోగమున చేరిన క్రొత్తలో నేనొక పల్లె పాఠశాలలో పనిచేయుచుంటిని. ఉదయము పూజలో కూర్చున్నచో లేవ మనసొప్పెడిది కాదు. బడిగంట చెవిని బడుచుండగనే మరియొక స్తోత్రము మొదలుపెట్టిన దినములు కలవు. నేను పోవునప్పటికి నలువదిమంది పిల్లలు వరండాలో నిలువబడియుందురు. నా నుదుటి విభూతిని చూచి వారు లేచి నమస్కరింతురేగాని అడుగరు గదా! ఆలస్యమునకు భక్తి యని పేరు పెట్టుకొని నేను తృప్తి పొందితిని. ఒకనాడు మా యింటి యిల్లాలు, ఆ పిల్లల వాకిట మీ దేవుడు నిలిచియున్నాడేమో యని మెల్లగా అనెను. ఆమెకు లక్కమ్మ కథ తెలియదు. నాకు తెలిసియుండియు ఉపయోగపడలేదు.

ఇంకొక సందర్భమున మారయ్య నిత్యము తెచ్చుదానికంటె మిక్కిలిగా బియ్యము తెచ్చెను. వీరి పేదరికము చూచి బసవేశ్వరుడే కావలెనని ఎక్కువ గింజలు చల్లించెనని పెద్దలు చెప్పుదురు. మూట విప్పగనే లక్కమ్మ సంగతి గ్రహించెను. ఇది మీ మనసున పుట్టిన యాశయా, లేక మనలను శంకించిన బసవన్న చిత్తమా యని భర్తను నిలదీసెను. మనకింత యేల, ఎచ్చట తెచ్చితిరో అచ్చటనే పోసి రండని పంపెను. అంతటి శరణుడు ఎక్కువైన బియ్యము మోసికొని మరల మహామనెకు నడచిపోయెను. ఎదురుపడినవారు ఏమనుకొందురోయని ఆయన సందేహింపలేదు. నాకు మాత్రము ఆ నడకయే ఆయన చేసిన పూజలన్నిటిలోను కష్టమైనదని తోచుచుండును. ఏరుటకు వంగిన నడుము మరల పోయుటకు వంగవలెను గదా!

పిదప లక్కమ్మ శరణులనందరిని తమ యింటికి దాసోహమునకు పిలువుమనెను. మనబోటి పేదలకది సాధ్యమా యని మారయ్య వెనుదీసెను. మనస్సు శుద్ధమైనవారికి పేదరికము లేదని ఆమె ధైర్యము చెప్పెను. బసవేశ్వరుడు, అల్లమప్రభువు మొదలుగాగల లక్షాతొంబదియారువేల జంగములును ఆ గుడిసెకు వేంచేసిరనియు, ఏరిన ఆ గుప్పెడు బియ్యమే అందరకును సరిపోయెననియు సంప్రదాయ కథనము. సంఖ్యను గూర్చి వాదింపబూనినవారు వాదింపవచ్చును. పిలుచుటకు జంకిన భర్తను పిలువ పంపినది భార్య యన్న సంగతి మాత్రము కథలో నిలిచినది.

తుదకు పరమార్థమును గూర్చిన సందేహములను సైతము మారయ్య ఆమెనే యడిగెను. ఆమె ఉపదేశించెను, ఆయన వినెను. మారయ్య వచనములు 30కి పైగాను, లక్కమ్మవి 25 వరకును నేడు లభించుచున్నవి. ఆయన వచనములకు అమరేశ్వరలింగమను అంకితము కలదు. లక్కమ్మ అదే స్వామిని మారయ్యకు ప్రియుడైన అమరేశ్వరలింగముగా పేర్కొని తన వచనములను ముగించెను. ఊరు విడిచి ఎంత దూరము వచ్చినను వారిరువురును తమ యూరి దేవుని పేరు మాత్రము విడువలేదు.