న్యాయదీక్షాపరుడు జొవాన్ని ఫాల్కోనె

ఆయుధం చేతబట్టి శత్రువును ఎదిరించిన వీరులను చరిత్ర కొనియాడుతుంది. న్యాయశాస్త్రాన్నీ, లెక్కల కాగితాలనూ ఆధారం చేసుకొని, ప్రాణభయాన్ని జయించి, ఒక నేరసామ్రాజ్యంతో పోరాడినవారు మాత్రం అరుదుగా కనిపిస్తారు. అటువంటి ధీరులలో ఇటలీ దేశపు న్యాయాధికారి జొవాన్ని ఫాల్కోనె అగ్రగణ్యుడు.

ఇటలీకి దక్షిణాన మధ్యధరా సముద్రంలో సిసిలీ ద్వీపం ఉంది. నారింజ, నిమ్మ తోటలకు పేరుపొందిన ఆ గడ్డమీద పందొమ్మిదో శతాబ్దంలో మాఫియా తలెత్తింది. తోటల కాపలా, నీటి పంపకం పేరుతో రైతులను బెదిరించి సొమ్ము గుంజిన ముఠాలు కాలక్రమంలో వ్యాపారులనుండి మామూళ్ళు దండుకొనడానికీ, ప్రభుత్వ కాంట్రాక్టులను చేజిక్కించుకొనడానికీ, చివరకు మాదకద్రవ్యాల వ్యాపారానికీ విస్తరించాయి. కళ్ళారా చూసిన హత్యను గురించి కూడ పెదవి విప్పరాదన్నది అక్కడి అలిఖిత శాసనం. దానిని ఒమెర్తా అంటారు. సాక్షి నోరు మెదపనిచోట న్యాయస్థానం ఏమి చేయగలదు? అందువలన ముఠా నాయకులు పలుమార్లు నిర్దోషులుగా విడుదలయ్యేవారు. మాఫియా అనే సంస్థే లేదని వాదించిన పెద్దలు సైతం ఉండేవారు.

ఇటువంటి వాతావరణంలో ఫాల్కోనె 1939 మే 18వ తేదీన సిసిలీ రాజధాని పాలెర్మోలో జన్మించాడు. తండ్రి ఆర్తురో ప్రభుత్వ రసాయన పరిశోధనశాలకు సంచాలకుడు. తల్లి లుయీసా. వారి ముగ్గురు సంతానంలో ఫాల్కోనె కడపటివాడు. పాత నగరంలోని కల్సా పేటలో ఆయన బాల్యం గడిచింది. ఆ వీధులలోనే పెరిగిన పావొలో బోర్సెల్లీనో తరువాతి కాలంలో ఆయనకు సహచరుడయ్యాడు. చిన్ననాడు ఆయనతో టేబుల్ టెన్నిస్ ఆడిన మరొక బాలుడు పెద్దవాడై స్మగ్లింగు ముఠాకు నాయకుడయ్యాడు. ఒకే పేటలో పెరిగినవారు ఇట్లు వేరువేరు దారులు తొక్కడాన్ని ఫాల్కోనె దగ్గరనుండి చూశాడు.

ఆయన కొంతకాలం నావికాదళ శిక్షణాలయంలో చేరి, అది తనకు తగిన మార్గం కాదని గ్రహించి న్యాయశాస్త్రం వైపు మళ్ళాడు. 1961లో పాలెర్మో విశ్వవిద్యాలయంనుండి పట్టభద్రుడై, 1964లో న్యాయసేవలో ప్రవేశించాడు. లెంతీని, త్రాపాని పట్టణాలలో పనిచేసి, 1978లో పాలెర్మోకు బదిలీ అయ్యాడు. అక్కడ దివాలా వ్యవహారాలను విచారిస్తూ ఖాతా పుస్తకాలను చదవడంలో నేర్పు సంపాదించాడు. ఆ నేర్పే మున్ముందు ఆయనకు ప్రధానాయుధమైనది.

ఆ రోజులలో పాలెర్మో నగరం రక్తసిక్తమై ఉండేది. పోలీసు దర్యాప్తు విభాగాధిపతి బోరిస్ జూలియానో 1979లో విమానాశ్రయంలో దొరికిన సూట్‌కేసులలోని ఐదు లక్షల డాలర్ల వెనుకనున్న హెరాయిన్ వ్యాపారాన్ని ఛేదింప పూనుకున్నాడు. ఆ సంవత్సరం జూలై 21న ఒక కాఫీ దుకాణంలో హంతకుడు ఆయనను వెనుకనుండి కాల్చి చంపాడు. సెప్టెంబరులో న్యాయాధికారి చేసరె తెర్రనోవా హతుడయ్యాడు. ఆ దశలోనే ఫాల్కోనె నేరపరిశోధన విభాగంలో చేరాడు. నాటి ఇటలీ చట్టం ప్రకారం పరిశోధక న్యాయాధికారి తానే దర్యాప్తు నడిపించేవాడు. పోలీసులు ఆయన ఆదేశాలమేరకు పనిచేసేవారు.

ఫాల్కోనె అనుసరించిన పద్ధతి సులభమైనది, కాని శ్రమతో కూడినది. మనిషి మౌనం వహించవచ్చును, భయపడవచ్చును. డబ్బు మాత్రం పోయిన దారిలో తన జాడను విడిచిపోతుంది. ఈ సత్యాన్ని గ్రహించి ఆయన బ్యాంకులనుండి చెక్కులను, విదేశీ మారకపు రసీదులను తెప్పించి ఒక్కొక్కదానినీ పరిశీలించాడు. అమెరికా దర్యాప్తు అధికారుల సహకారంతో సిసిలీనుండి న్యూయార్కు వరకు సాగిన హెరాయిన్ వ్యాపారపు గుట్టు బయటపెట్టాడు.

1982లో సైనిక పోలీసుదళంలో సేనానిగా పేరుపొంది పాలెర్మోకు ప్రిఫెక్టుగా వచ్చిన దల్లా కియేజాను భార్యాసమేతంగా దుండగులు కాల్చి చంపారు. ఆ నెలలోనే మాఫియాలో సభ్యత్వమే నేరమని, ఆ నేరార్జిత ఆస్తులను జప్తు చేయవచ్చునని కొత్త చట్టం వచ్చింది. 1983 జూలైలో ఫాల్కోనె పై అధికారి రొక్కో కిన్నీచి కారుబాంబుకు బలి అయ్యాడు. ఆ స్థానంలో వచ్చిన అంతొనీనొ కపొన్నెత్తో ఒక బృందాన్ని ఏర్పరచాడు. ఒక్కని వద్దనే రహస్యాలన్నీ ఉంటే, అతనిని చంపినంతనే దర్యాప్తు ఆగిపోతుంది. అందరికీ అన్నీ తెలిసి ఉంటే హత్యవలన ప్రయోజనముండదు. ఇదే ఆ బృందం ఏర్పాటులోని కీలకం.

1984లో బ్రెజిల్ నుండి రప్పించిన తొమ్మాసొ బుషెత్తా అనే మాఫియా నాయకుడు అప్రూవరుగా మారాడు. ప్రత్యర్థులు అతని కుమారులను, బంధువులను చంపివేశారు. ఫాల్కోనె ఓర్పును, నిజాయితీని చూచి అతడు నోరు విప్పాడు. కోసా నోస్త్రా పేరుతో ముఠాలన్నిటినీ ఒక మండలి పాలిస్తున్నదని అతడు వెల్లడించాడు. ఫాల్కోనె అతని మాటలను గుడ్డిగా నమ్మక, ప్రతి అంశానికీ వేరుగా ఆధారం సంపాదించాడు.

1985 వేసవిలో ఇద్దరు పోలీసు అధికారులు హతులయ్యారు. ప్రాణాపాయం ముంచుకొచ్చినందున ఫాల్కోనె, బోర్సెల్లీనోలను కుటుంబాలతోసహా అసినారా అనే కారాగార ద్వీపానికి తరలించారు. అక్కడే వారు అభియోగపత్ర రచన కొనసాగించారు. వింత ఏమనగా, తిరిగివచ్చిన తరువాత ఆ బసకైన ఖర్చును ప్రభుత్వం వారినుండే వసూలు చేసింది.

1986 ఫిబ్రవరి 10న పాలెర్మోలో మహావిచారణ మొదలైంది. 475 మంది నిందితులకోసం చెరసాల ప్రక్కన ప్రత్యేకంగా న్యాయస్థానాన్ని నిర్మించారు. 1987 డిసెంబరు 16న తీర్పు వెలువడింది. మూడువందలమందికి పైగా దోషులుగా తేలారు. 19 మందికి యావజ్జీవ శిక్ష పడింది. తక్కినవారికి విధించిన శిక్షల మొత్తం 2,665 సంవత్సరాలు. మాఫియా ఉన్నదా, లేదా అన్న చర్చకు ఆ తీర్పు స్వస్తి పలికింది.

విజయం వెంట అసూయ నడచింది. 1988లో విభాగాధిపతి పదవికి న్యాయమండలి ఫాల్కోనెను కాదని మరొకరిని ఎన్నుకుంది. బృందం చెదిరిపోయింది. కీర్తికోసం ప్రాకులాడుతున్నాడని కొందరు నిందించారు. 1989 జూన్‌లో ఆయన విడిదిచేసిన సముద్రతీరపు ఇంటివద్ద బాంబు సంచి దొరికింది. తుపాకీ గుండుకన్న తనవారి అపనిందే ఆయనను ఎక్కువగా బాధించి ఉండాలి. అయినను ఆయన పని విడువలేదు. 1991లో రోములోని న్యాయమంత్రిత్వశాఖలో చేరి, దేశమంతటికీ వర్తించే మాఫియా నిరోధక సంస్థలకు రూపకల్పన చేశాడు. 1992 జనవరి 30న అత్యున్నత న్యాయస్థానం మహావిచారణ తీర్పును ఖాయపరచింది.

మాఫియా ప్రతీకారానికి పూనుకుంది. 1992 మే 23న ఫాల్కోనె విమానాశ్రయంనుండి పాలెర్మోకు కారు నడుపుకొంటూ వస్తున్నాడు. కపాచివద్ద రహదారి క్రింద అమర్చిన సుమారు 500 కిలోల ప్రేలుడు పదార్థం ప్రేలింది. ఆయన, న్యాయాధికారిణి అయిన ఆయన భార్య ఫ్రాన్చెస్కా మొర్వీల్లో, అంగరక్షకులు మొంతినారో, దిచిల్లో, స్కిఫానీ ప్రాణాలు కోల్పోయారు. 57 రోజుల తరువాత బోర్సెల్లీనో కూడ ఐదుగురు అంగరక్షకులతో బాంబుకు బలి అయ్యాడు.

అయితే హంతకులు ఆశించిన భయం ప్రజలలో కలుగలేదు. తరతరాలుగా మౌనం వహించిన పాలెర్మో గృహిణులు తెల్లని దుప్పట్లపై నిరసన వాక్యాలు వ్రాసి వసారాలకు వ్రేలాడదీశారు. ఒమెర్తా శాసనం అట్లు బహిరంగంగా భగ్నమైంది. 1993 జనవరిలో ముఠాధిపతి తొతో రీనా పట్టుబడి, 2017లో నిర్బంధంలోనే మరణించాడు. మూడు దశాబ్దాలు తప్పించుకు తిరిగిన మత్తెయొ మెస్సీనా దెనారో 2023లో దొరికాడు. వ్యవస్థీకృత నేరాలను అరికట్టే ఐక్యరాజ్యసమితి ఒప్పందంపై 2000 డిసెంబరులో దేశాలు సంతకాలు చేసినదీ పాలెర్మో నగరంలోనే. భారతదేశం దానిని 2011లో ధ్రువీకరించింది.

నేడు పాలెర్మో విమానాశ్రయం ఫాల్కోనె, బోర్సెల్లీనోల పేర్లను ధరించి ఉంది. ఫాల్కోనె నివసించిన ఇంటిముందరి చెట్టుకు విద్యార్థులు లేఖలను, చిత్రాలను కట్టి నివాళులర్పిస్తుంటారు. భయం లేకపోవడం ధైర్యం కాదు. భయాన్ని ఎరిగియుండి, దానిని ప్రక్కకు నెట్టి, తన విధిని తాను నిర్వర్తించడమే ధైర్యమని ఫాల్కోనె జీవితం మనకు బోధిస్తున్నది.