60 కాపీల జర్నల్

ఫైనల్ ఇయర్‌కి వచ్చేసరికి మన మాటల్లోకి కొన్ని కొత్త పదాలు వచ్చి చేరతాయి. స్కోపస్, ఇంపాక్ట్ ఫ్యాక్టర్, హెచ్-ఇండెక్స్. ఎన్ని పేపర్లు, ఎన్ని సైటేషన్లు అన్నదే లెక్క. ఈ లెక్కల్లో 1888లో దాదాపు ఎక్కడా కనిపించని ఒక మనిషి గురించి నేను చెప్పాలనుకుంటున్నాను. ఆధునిక న్యూరోసైన్స్‌కి పునాది వేసినవాళ్ళలో మొదట వినిపించే పేరు ఆయనదే: సాంటియాగో రామోన్ ఇ కహాల్.

కహాల్ 1852లో స్పెయిన్‌లో ఒక చిన్న పల్లెలో పుట్టాడు. తండ్రి వైద్యుడు. పిల్లవాడికేమో బొమ్మల పిచ్చి. బొమ్మలు కూడు పెడతాయా అని తండ్రి పట్టుదల. కొడుకు దారికి రావడం లేదని కొన్నాళ్ళు క్షవరం చేసే షాపులో, కొన్నాళ్ళు చెప్పులు కుట్టే చోట పనికి పెట్టాడు. చివరికి శ్మశానంలో దొరికిన మనిషి ఎముకల్ని చూపించి అనాటమీ నేర్పాడు. అబ్బాయి వాటి బొమ్మలు గీస్తూ గీస్తూ వైద్యంలో పడ్డాడు. 1873లో డాక్టరయ్యాడు, సైన్యంతో క్యూబా వెళ్ళాడు, మలేరియాతో చిక్కిపోయి తిరిగొచ్చాడు. అక్కడ సంపాదించిన డబ్బుతో మైక్రోస్కోప్ కొనుక్కున్నాడు.

1887లో మాడ్రిడ్‌లో సిమారో అనే డాక్టరు ఆయనకి ఒక స్లైడ్ చూపించాడు. ఇటలీకి చెందిన గోల్జీ 1873లో కనిపెట్టిన పద్ధతి అది. మెదడు ముక్కని పొటాషియం డైక్రోమేట్‌లో, తర్వాత సిల్వర్ నైట్రేట్‌లో ఉంచితే, వందల కణాల్లో ఏ కొన్నో మాత్రమే కొమ్మలూ రెమ్మలతో సహా నల్లగా తేలతాయి. ఎందుకు కొన్నే అన్నది ఎవరికీ అంతుపట్టలేదు. కానీ అన్నీ నల్లబడితే ఏమీ కనిపించేది కాదు.

అప్పటికి చాలామంది నమ్మకం ఏంటంటే, మెదడంతా విడదీయలేని ఒకే వల. మన భాషలో చెప్పాలంటే, వైర్లన్నీ ఒకదానికొకటి సోల్డరింగ్ చేసి ఉన్నాయని. గోల్జీ కూడా అదే నమ్మాడు. కహాల్ బార్సిలోనా చేరి అదే పద్ధతికి పదును పెట్టాడు. ఒకసారి కాదు, రెండుసార్లు రంగు పట్టించాడు. పెద్ద జంతువుల బదులు గుడ్డులోని పక్షి పిండాలనీ, పసికూనలనీ తీసుకున్నాడు. నరాల చుట్టూ కొవ్వు పొర ఇంకా ఏర్పడని వయసు కాబట్టి రంగు బాగా పట్టింది. చూస్తే, పోగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడం లేదు. పక్క కణం దాకా వచ్చి ఆగిపోతున్నాయి. అంటే ప్రతి కణమూ విడిగా ఉంది.

ఇంత పెద్ద సంగతిని ఎక్కడ అచ్చు వేయాలి? వేరేవాళ్ళ జర్నల్ కోసం ఆగే ఓపిక లేక, 1888లో తనే ఒక జర్నల్ పెట్టాడు. ఖర్చు తనదే, బొమ్మలు తనవే. అచ్చేసింది 60 కాపీలు. ఇంట్లో పిల్లలు, చాలీచాలని జీతం. కాపీలు విదేశీ శాస్త్రవేత్తలకి పోస్టులో పంపాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. స్పానిష్ చదివేవాళ్ళు అక్కడ ఎంతమంది?

1889 అక్టోబరులో కహాల్ తన స్లైడ్లు మోసుకుని బెర్లిన్‌లో జరిగే అనాటమీ సభకి సొంత ఖర్చుతో వెళ్ళాడు. వచ్చీరాని ఫ్రెంచ్‌లో మాట్లాడుతూ, మైక్రోస్కోప్ కింద స్లైడ్ పెట్టి చూడమన్నాడు. చూసినవాళ్ళలో కోలికర్ ఉన్నాడు. ఆ రంగంలో పెద్ద తలకాయ, అప్పటికి 72 ఏళ్ళు, వల సిద్ధాంతం వైపు ఉన్న మనిషి. స్లైడ్లు చూశాక అభిప్రాయం మార్చుకున్నాడు. కహాల్ పేపర్లు చదవడానికి ఆ వయసులో స్పానిష్ నేర్చుకున్నాడని చెబుతారు. 1891లో వాల్డేయర్ ఈ కణానికి న్యూరాన్ అని పేరు పెట్టాడు.

1906 నోబెల్ కహాల్‌కీ గోల్జీకీ కలిపి ఇచ్చారు. తమాషా ఏంటంటే, గోల్జీ తన నోబెల్ ప్రసంగంలో కూడా న్యూరాన్ సిద్ధాంతాన్ని కాదన్నాడు. 1934లో కహాల్ పోయాడు. రెండు కణాల మధ్య నిజంగానే ఖాళీ ఉందని 1950ల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చూపించింది. సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వచ్చింది 1964లో, హెచ్-ఇండెక్స్ 2005లో. ఈ కొలతలేవీ పుట్టకముందే పోయిన మనిషి పేపర్లని ఇప్పటికీ ఉటంకిస్తున్నారు, బొమ్మల్ని పాఠ్యపుస్తకాల్లో వేస్తున్నారు.

డబ్బు కట్టి పేపర్ వేయించుకోవడం మన దగ్గర కొత్తేం కాదు. పైకి చూస్తే కహాల్ చేసిందీ అదే: సొంత డబ్బు, సొంత జర్నల్, రివ్యూ లేదు. కానీ ఆయన తన పనిని తనతో ఏకీభవించని పెద్దమనిషి ముందు పెట్టి, మీరే చూడండి అనగలిగాడు. మన ప్రాజెక్ట్‌లో సర్టిఫికెట్ పక్కన పెడితే, అలా ఎవరి ముందైనా తెరిచి చూపించగలిగింది ఎంత ఉంది? పేపర్ పంపేముందు నేనైతే ఈ లెక్క చూసుకోవాలనుకుంటున్నాను.